మీటరు మామయ్య చల్లటి ఇల్లు

అదేమిటే, కిటికీ బార్లా తీసి పెట్టావు? మూసెయ్, మూసెయ్. ఎండ ఆ గోడ మీదకి దిగకముందే మూసెయ్యాలి. గాలొస్తుందనా? ఈ వేళప్పుడు వచ్చేది గాలి కాదే, పొయ్యి ముందు కూర్చుంటే మొహానికి కొట్టే సెగ. పరదా కూడా లాగు. ఆఁ, అట్లా. ఇప్పుడొచ్చి ఇట్లా నా పక్కన కూర్చో, ఆ చెమట తుడుచుకో. ఎవరు చెప్పారంటావా? మీ తాతయ్యకి ఇవేమీ పట్టేవి కావు, ఆయన చేతిలో విసనకర్ర ఒకటి పెడితే చాలు, లోకం తగలబడినా సరే. నాకు చెప్పింది మీటరు మామయ్య. నువ్వెరగవులే. మీ అమ్మకి బాగా తెలుసు, కానీ అడిగి చూడు, మాట తప్పించేస్తుంది. చిన్నప్పుడు ఆయన చంకెక్కి తిరిగిన పిల్ల, ఇప్పుడాయన పేరెత్తితే లేచి వెళ్ళిపోతుంది.

వరసకి మామయ్యా కాదు, ఏమీ కాదు. పెళ్ళయిన కొత్తలో మేం అద్దెకి దిగిన మేడలో పైవాటా వాళ్ళది. మేం కింద, వాళ్ళు పైన. పైన అంటే స్లాబు నెత్తి మీదే అన్నమాట. మొదటి వేసవి రాగానే నేననుకున్నాను, పాపం, ఆ పైవాళ్ళు అప్పడాల్లా వేగిపోతుంటారు అని. ఒకరోజు చక్కెర కోసమో దేనికో మధ్యాహ్నం పూట పైకెళ్ళాను. తలుపు తీసింది అత్తయ్య, ఆయన భార్య. లోపల అడుగు పెట్టానా, కళ్ళు కనపడలేదు. చీకటి. తర్వాత తెలిసింది చల్లదనం. ఒట్టే, నమ్మవు నువ్వు, అరికాళ్ళకి గచ్చు చల్లగా తగిలింది. కింద మా ఇంట్లో ఫ్యాను వేడిగాలి కొడుతుంటే, అక్కడ ఫ్యానే తిరగడం లేదు. అత్తయ్య నవ్వింది. "రామ్మా, మా గుహలోకి రా. కాస్త ఉండు, నీ కళ్ళకి నేను కనపడతాను" అంది. భారీ మనిషి ఆవిడ, నవ్వితే ఒళ్ళంతా నవ్వేది. ఆ వేసవంతా నేనక్కడే ఉన్నాననుకో. నేనొక్కదాన్నేనా, వీధిలో ఆడవాళ్ళంతా కుట్టుపనులు పట్టుకుని అక్కడే. పక్కింటి దర్జీ తల్లి అయితే తలగడ తెచ్చుకునేది.

మామయ్యకి కరెంటాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం. సైకిలు, టార్చిలైటు, భుజానికి సంచి. ఇంటింటికీ వెళ్ళి మెట్ల కింద వంగి ఆ గాజుపెట్టెలోకి టార్చి కొట్టి చూసేవాడు. అప్పటి మీటర్లలో చిన్న చక్రం ఉండేదే, అంచు మీద ఎర్రమచ్చతో. వాడకం ఎక్కువైతే గిర్రున తిరుగుతుంది. ఊళ్ళో చక్రాలన్నీ బొంగరాల్లా తిరుగుతుంటే మామయ్య ఇంటి చక్రం పెళ్ళినడకలు నడిచేది. అదే ఆయన గొప్ప. ఇంటికొస్తే మొదట చెప్పులు విప్పడు, మెట్ల కింద వంగి మీటరు చూసుకుంటాడు, తర్వాతే భార్య మొహం. అత్తయ్య అనేది, "నా సవతి కిందుంది, నేను పైనున్నాను" అని.

పిసినారి అనుకునేవు. కాదే. పెట్టేచెయ్యే ఆయనది, ఇంటికెళితే తినకుండా పంపేవాడు కాదు. ఆయన భయం వేరు. ఒకసారి నాతోనే అన్నాడు. "అమ్మాయ్, బిల్లు కట్టనివాళ్ళ ఫ్యూజు పీకేది నేనే. ఫ్యానుకి అలవాటుపడ్డ ఇల్లు ఉంటుంది చూడు, ఫ్యూజు పీకగానే నీళ్ళలోంచి తీసిన చేపలైపోతారు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, నా మొహం వంక చూస్తారు. ఆ చూపు నా ఇంట్లోవాళ్ళు ఇంకొకడి మొహం మీద పెట్టకూడదు. కరెంటు ఇవాళుంటుంది, రేపు పోతుంది. గోడ ఎక్కడికీ పోదు." అదీ ఆయన లెక్క. గోడని నమ్ముకున్నాడు మనిషి.

ఏం చేసేవాడంటే, వేసవి మొదట్లోనే డాబా మీద జిగురు కలిపిన సున్నం దట్టంగా పూసేవాడు, పైకెక్కితే కళ్ళు చెదిరేవి. ఎండ పూర్తిగా పోయాకే డాబా మీద నీళ్ళు చల్లడం. కాలే స్లాబు మీద నీళ్ళు పోస్తే నెర్రెలిస్తుందని మమ్మల్ని తిట్టేవాడు. తెల్లారుతూనే కిటికీలన్నీ తీసేవాడు, ఎండ పొడుచుకురాగానే మూసేవాడు. గాలొచ్చే వైపు కిటికీకి తడి గోనెపట్టా, దానికెదురు కిటికీ జానెడు తెరిచి ఉండాలి. అది ముఖ్యం. తడిగాలి వచ్చింది వచ్చినట్టు పోవాలి, లోపల నిలవుంటే ఉక్కపోస్తుంది. పొయ్యి పని పొద్దున్నే అయిపోవాలి. ఇస్త్రీ తెల్లారుజామునే. ఫ్రిజ్జుని గోడకి దూరంగా జరిపి పెట్టేవాడు, దాని వీపు వేడి గోడకి తగలకూడదట. ఇంకో పని చేసేవాడు, నవ్వుకునేవాళ్ళం. సాయంత్రం కాగానే టేబులుఫ్యాను కిటికీలో పెట్టి, మొహం వీధి వైపు తిప్పేవాడు. దర్జీ కేకేసేవాడు, "ఏం మీటరుగారూ, వీధికి విసురుతున్నారా, వీధికి చెమటపట్టిందా?" అని. "లోపలి వేడిని గెంటుతున్నానయ్యా, నీ మొహాన పడుతుంది, తప్పుకో" అనేవాడు మామయ్య. నేను ఇప్పటికీ అదే చేస్తాను, చూశావుగా. పనిచేస్తుంది. అవన్నీ పనిచేసేవే, అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

అత్తయ్యకి మాత్రం ఆ చీకటి పడేది కాదు. వీధి చూడాలి ఆవిడకి. ఎవరెళుతున్నారు, ఎవరితో ఎవరెళుతున్నారు, అవన్నీ కావాలి. పగలంతా పరదాలు దించి ఉంటే ఎట్లా? పరదాకి ఓ మూల, తను కూర్చుంటే కంటికి సరిపోయే ఎత్తులో, చిన్న కన్నం చేసుకుంది. దానికి కన్ను ఆనించి కూర్చునేది. మామయ్య చూసి ఆ కన్నం కుట్టేశాడు. ఆవిడ ఇంకోటి చేసింది. ఆయన మళ్ళీ కుట్టాడు. చివరికి ఆయనే ఓడిపోయాడులే. ఆ పరదా నిండా కుట్లే. వాళ్ళ కాపురం అట్లా ఉండేది, తిట్టుకోవడం విన్నాను గానీ పొట్లాడుకోవడం ఎప్పుడూ వినలేదు. ఒక్కతే కూతురు, దూరంగా కాపురం చేసుకుంటోంది, మంచి ఉద్యోగం.

ఏం చెబుతున్నాను? ఆఁ, గాలి. ఆ ఇంటి గాలంతా వెనకవైపు నుంచి వచ్చేదే. వెనక కలప డిపో ఉండేది. పెద్ద ఖాళీ, దుంగలు, రంపపు పొట్టు, మధ్యలో ఏమీ అడ్డం లేదు. సాయంత్రమయ్యేసరికి అటునుంచి గాలి నేరుగా మామయ్య ఇంట్లోకే. ఆయన ఉద్యోగం అయిపోయాక, కొన్నేళ్ళలోనే, డిపో ఎత్తేశారు. లాడ్జి కట్టారు. గోడలు లేచినన్నాళ్ళూ మామయ్య కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు, ఒక్కో వరస ఇటుక లేస్తుంటే ఎవరో ఆయన ముక్కు మూస్తున్నట్టు. అంతస్తు మీద అంతస్తు. పోనీ గాలి ఆగింది, అంతటితో పోయిందా? లాడ్జి గదులన్నిటికీ ఏసీలు. ఆ ఏసీల వెనక పెట్టెలన్నీ ఎటు పెట్టారు? ఇటే. మధ్యలో ఉన్నది మనిషి అడ్డంగా పట్టే సందు. ఆ పెట్టెలు రేయింబవళ్ళు ఊదే వేడంతా తెచ్చి ఈయన కిటికీలో పోస్తున్నాయి. తెల్లారుజామున కిటికీ తీసినా వేడే. నేను చెయ్యి పెట్టి చూశాను, పొయ్యి మీంచి దించిన గిన్నె దగ్గర పెట్టినట్టుంది.

వెళ్ళి అడిగాడు పాపం. నేనూ మీ తాతయ్యా కూడా వెంట వెళ్ళాం. ఆ మేనేజరు కుర్రాడు కాలు మీద కాలేసుకుని కూర్చుని, "మా గోడకి మేం పెట్టుకున్నాం పెద్దాయనా. గాలి మీ పేరున రిజిస్టరు చేయించుకున్నారా ఏమిటి?" అన్నాడు. మామయ్య బయటికొచ్చి ఆ లాడ్జి మీటర్లు ఉన్న గది ముందు ఆగి, లోపలికి తొంగిచూశాడు. "చక్రాలు చూడమ్మాయ్, రంపాల్లా తిరుగుతున్నాయి" అన్నాడు.

అప్పుడైనా మారాలి కదా మనిషి? మారలేదు. మారలేదంటే, ఒప్పుకోలేదు. వెనక కిటికీ శాశ్వతంగా మూసేశాడు. గోనెపట్టాలు మాత్రం కడుతూనే ఉన్నాడు. గాలి పోయే దారి లేదు, తడి లోపలే నిలిచిపోయింది, ఇల్లు ఆవిరి పట్టినట్టయింది. నాకు చెప్పిన సూత్రం ఆయనదే, ఆయనకే గుర్తు లేనట్టు. "ఎట్లా ఉందమ్మాయ్, చల్లగా లేదూ?" అని అడిగేవాడు. లేదని అనగలమా? ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. దర్జీ తల్లి తలగడ పట్టుకెళ్ళిపోయింది. అత్తయ్యకి అప్పటికే రక్తపోటు, మోకాళ్ళనొప్పులు. మాత్రలేసుకుంటే మాటిమాటికీ లేవాలి, లేస్తే మోకాళ్ళు ఒప్పుకోవు, అందుకని నీళ్ళు తాగడం తగ్గించేసింది. నేనరిస్తే, "నువ్వు మోస్తావా నన్ను బాత్రూముకి?" అని నవ్వేది. నవ్వు అప్పటికి సగమైంది.

కూతురు వచ్చి చూసింది. చూసి, ఎవరితోనూ చెప్పకుండా, ఏసీ కొనుక్కొచ్చి మనుషులతో బిగించేసింది. "నాన్నా, అమ్మ కోసం. బిల్లు నేను కడతాను, నువ్వు ఆ మీటరు వంక చూడకు" అంది. ఆయన సరే సరే అన్నాడు. కూతురు ఉన్నన్నాళ్ళూ వేశాడు కూడా. అది వెళ్ళిపోగానే ఏసీ మీద తువ్వాలు కప్పేశాడు, పక్షి పంజరం మీద కప్పినట్టు. "బాగా కాసినప్పుడు వేద్దాం, ఇప్పట్నుంచే ఒళ్ళు అలవాటుపడితే కష్టం" అనేవాడు. ఎండలు కాశాయి, ఇంకా కాస్తాయి అన్నాడు. ఒకనాడు ఆయన బజారుకెళ్ళినప్పుడు అత్తయ్య నన్ను పిలిచి, "ఆ తువ్వాలు తియ్యవే" అంది. తీసి వేశాను. ఇద్దరం దాని కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నాం, దొంగతనంగా మామిడిపళ్ళు తిన్నట్టు. ఆయనొచ్చాడు. చెప్పానుగా, ముందు చూసేది మీటరే. చక్రం చూసి పైకొచ్చాడు. తలుపు దగ్గర నిలబడి, "చల్లగా ఉందా?" అన్నాడు. "ఉందండీ" అంది ఆవిడ, చిన్నపిల్లలా. స్విచ్చి కట్టేశాడు.

మర్నాటినుంచి బయటికెళ్ళేటప్పుడు ఆ ఏసీ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకెళ్ళడం మొదలుపెట్టాడు. తెల్లటి పింగాణీది, అగ్గిపెట్టంత ఉంటుంది. ఈ మాట నాకు చెప్పింది అత్తయ్యే, నవ్వుతూనే చెప్పింది. "మీ మామయ్య దాన్ని గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాడే. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా ఇంత అపురూపంగా చూసుకోలేదు" అని. నేనూ నవ్వాను. ఏం చేస్తాం, అప్పుడది నవ్వే మాటే.

ఆ ఏడాది ఎండ ఎండ కాదు. పక్షులు తీగల మీంచి రాలిపడ్డాయి. పగలు వీధిలో కుక్క కూడా లేదు. ఆ పొద్దున నేను పైకెళ్ళాను, ఆవిడకి మజ్జిగ పట్టుకుని. మంచం మీద కూర్చుని ఉంది, మొహం కందిపోయి, జుట్టు నుదుటికి అంటుకుని. మామయ్య గోనెపట్టాలు విప్పుతున్నాడు. ఆవిడ అంది, "ఏమండీ, ఇవాళొక్కరోజు వేద్దామండీ." బతిమాలినట్టు కూడా కాదు, మామూలుగా అంది. ఆయన ఇటు తిరక్కుండానే, "సాయంత్రం వేద్దాం. ఈ గోనెలు పాతబడిపోయాయి, నీళ్ళు పట్టడం లేదు. కొత్తవి తెస్తాను, మందంగా ఉన్నవి. చూద్దువుగాని, వెనకటిలా చల్లబడుతుంది" అన్నాడు. ఆవిడ సరేనంది. నా వంక చూసి కళ్ళెగరేసింది, చూశావా ఈయన సంగతి అన్నట్టు. మజ్జిగ పక్కన పెట్టమంది, తర్వాత తాగుతానంది. నేను దిగొచ్చేశాను, పొయ్యి మీద ఎసరుంది.

గోనెల కోసం ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో. దగ్గర్లో దొరకలేదట, మార్కెట్టు దాకా నడిచాడు ఆ ఎండలో. మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చాడు. నేను తలుపు సందులోంచి చూశాను, భుజం మీద గోనెలు, వాటిల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వీధి కుళాయి దగ్గరే తడిపేశాడు, మెట్లెక్కగానే కట్టెయ్యొచ్చని, ఆవిడ కోసమే ఆ తొందర. ఆ రోజు మీటరు కూడా చూడలేదు, గబగబా ఎక్కిపోయాడు. కాసేపటికి పైన ఏదో బరువు కింద పడ్డ చప్పుడైంది. అవి గోనెలు. తర్వాత ఆయన గొంతు, మెల్లిగా, "అమ్మాయ్, ఒకసారి రామ్మా" అని.

వెళ్ళాను. మంచానికీ బాత్రూముకీ మధ్య పడి ఉంది అత్తయ్య. లేద్దామనుకుందో, నీళ్ళ దగ్గరకి వెళదామనుకుందో. చెయ్యి వేస్తే ఒంటి మీద చెమట చుక్క లేదు, పెనంలా కాలుతోంది. ఊపిరి ఉంది, గురకలాగా. మజ్జిగ పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను నీళ్ళు పోస్తూ, మామయ్యా, బండి పిలవండి, ఆసుపత్రికి, అంటున్నాను. ఆయన వినడం లేదు. గోడ దగ్గర నిలబడి జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టెలో పెట్టబోతున్నాడు. గోనెలు మోసిన చేతులు, తడి చేతులు. పుట్టిన్నాటినుంచి కరెంటుతో పనిచేసిన మనిషి, తడిచేత్తో ముట్టుకోవద్దని ఊరందరికీ చెప్పిన మనిషి. షాకు కొట్టింది, నేను చూశాను, చెయ్యి ఎగిరిపడింది. మళ్ళీ పెట్టాడు. ఏసీ మోగింది. వచ్చి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, "వేశాను, ఇదిగో వేశాను. చూడు, వస్తోంది" అంటాడు. అదే మాట. మీ తాతయ్యా దర్జీ వచ్చి ఆవిణ్ణి ఆయన ఒళ్ళోంచి తీసుకోవడమే కష్టమైంది. ఇంకాస్త ఆగండి, ఇప్పుడు చల్లబడుతుంది, లేస్తుంది అంటాడు. ఆసుపత్రిలో డాక్టరు ఇంకాస్త ముందు తేవాల్సింది అన్నాడు. చీకటి పడకముందే పోయింది.

తెచ్చారు ఇంటికి. ఎవరికీ గుర్తులేదు, ఏసీ కట్టెయ్యలేదు. తలుపు తీసేసరికి గది మంచుగడ్డలా ఉంది. ఆ ఇల్లు ఎన్నడూ అంత చల్లగా లేదే. మోసుకొచ్చినవాళ్ళు గుమ్మంలో ఒక్క క్షణం ఆగిపోయారు.

మర్నాడు కూతురొచ్చింది. ఏడ్చింది, అందరం ఏడ్చాం. మేం ఎవరం ఏమీ చెప్పలేదు, ఎట్లా చెప్తాం? ఆయనే చెప్పాడు. నిండా జనం ఉండగా, కూతురి ఎదురుగా కింద కూర్చుని, "ఫ్యూజు నా జేబులో ఉందమ్మా" అన్నాడు. దానికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. అప్పుడడిగింది, "అమ్మ అడిగిందా?" అని. "అడిగింది." "నువ్వేమన్నావు?" "సాయంత్రం వేద్దామన్నాను." ఆ పిల్ల అరవలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది, గూట్లో బోర్లించి ఉన్న గిన్నెలు ఒక్కొక్కటే తీసి తోమడం మొదలుపెట్టింది, శుభ్రంగా ఉన్నవే. ఎవరూ ఆపలేకపోయాం. గిన్నెల చప్పుడు వింటూ ఆయన అట్లాగే కూర్చున్నాడు.

ఆ తర్వాత ఒంటరిగానే ఉన్నాడు కొన్నాళ్ళు. తిండి నేనిచ్చేదాన్ని. మరుసటి వేసవికి ఏం పట్టుకుందో, మధ్యాహ్నం పూట సైకిలు తీసి పాత రూటంతా తిరగడం మొదలుపెట్టాడు. ఏ ఇంట్లో ముసలివాళ్ళు ఒంటరిగా ఉంటారో ఆయనకి కంఠతానే కదా. తలుపు కొట్టడం, "ఫ్యాను వేసుకున్నారా? నీళ్ళు తాగారా? వేసుకోండి, బిల్లుదేముంది" అనడం. మొదట్లో జాలిపడ్డారు. తర్వాత విసుక్కున్నారు, ఎవరైనా ఎన్నిసార్లని తలుపు తీస్తారు? దర్జీ తల్లి, ఆ ఇంట్లో చల్లగా పడుకుని నిద్రపోయిన మనిషే, తలుపు సందులోంచి, "మా ఇంటికి రాకయ్యా, నిన్ను చూస్తే గుండె దడొస్తోంది" అంది. నవ్వి సైకిలెక్కాడు. మీ అమ్మ అప్పటికి పెద్దదైంది, ఆయన వస్తుంటే లోపలికెళ్ళిపోయేది. అత్తయ్య దాన్ని పెంచినట్టే పెంచింది కదా, అందుకు.

కూతురే వచ్చి తీసుకెళ్ళింది చివరికి, ఎండకి రోడ్డు మీద పడిపోయాడని కబురు తెలిసి. బాగా చూసుకుంది, కాదనకూడదు. వేళకి తిండి, వేళకి మందు. నాన్నా అని మాత్రం పిలిచేది కాదట, అల్లుడు చెప్పాడు నాతో. "భోజనం పెట్టాను" అంటుందట, "మాత్ర వేసుకోవాలి" అంటుందట, గోడకి చెప్పినట్టు. ఒకసారి వెళ్ళి చూశాను. ఆయనకో గది, గదికి ఏసీ. మెడదాకా దుప్పటి, చిక్కి సగమైపోయాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు, ఆ చెయ్యి గడ్డకట్టినట్టుంది.

"అమ్మాయ్, గది చల్లగా ఉందా?" అన్నాడు.

ఉంది మామయ్యా, బాగా చల్లగా ఉంది, అన్నాను.

"అవునా. నాకు తెలియడం లేదమ్మా" అన్నాడు.

...ఆఁ? ఏం లేదే. ఏం లేదన్నానా. లే, పొద్దెక్కింది, అన్నం తిందువుగాని. ఆ పీట ఇటు జరుపు.